గెడ పడవలో ఒక రోజు: కేంబ్రిడ్జా, ఆక్స్‌ఫర్డా?

జూన్ వచ్చిందంటే మా ఇంట్లో సోఫా బెడ్ ఇక మడవం. అత్తయ్య గారు, మామయ్య గారు వస్తారు. వాళ్ళ వెనకే పిన్ని వాళ్ళ అమ్మాయి పిల్లలతో దిగుతుంది. మొదటి వారం లండన్ చూపించడంతో సరిపోతుంది. బిగ్‌బెన్, టవర్ బ్రిడ్జ్, నీస్డెన్ గుడి అన్నీ తిప్పేసరికి రెండో వారానికి పెద్దవాళ్ళ కాళ్ళు వాచిపోతాయి. "ఇంక నడిపించకు నాయనా, ఎక్కడైనా కాసేపు కూర్చోబెట్టు" అంటారు. కూర్చునే ఊరు చూడాలంటే పడవ ఎక్కాలి. ఆ పడవ కేంబ్రిడ్జ్‌లో ఎక్కాలా, ఆక్స్‌ఫర్డ్‌లో ఎక్కాలా, నడిపేవాణ్ణి పెట్టుకోవాలా, మనమే నడుపుకోవాలా అని ఏడాదికి నలుగురైనా నాకు ఫోన్ చేస్తారు. నేను రెండు ఊళ్ళకీ చాలాసార్లు వెళ్ళాను, ఒకసారి నీళ్ళలో కూడా పడ్డాను. కాబట్టి చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నా.

ముందు ఈ పడవ సంగతి. దీన్ని పంట్ అంటారు. అడుగు బల్లపరుపుగా, రెండు చివర్లూ చదరంగా ఉండే పొడవాటి చెక్క పడవ. ఇంజన్ లేదు, తెడ్లు వేయరు. వెనక ఒక మనిషి నిలబడి, ఐదు మీటర్ల పొడవుండే గెడను నది అడుక్కి ఆనించి నెడతాడు. మా మామయ్య గారిది కైకలూరు దగ్గర ఊరు. మొదటిసారి చూడగానే, "ఓస్, ఇంతేనా! మన కొల్లేట్లో దోనెలు ఇలాగేగా నడిపేది" అన్నారు. నిజమే, పని అదే. అక్కడ చేపల కోసం, ఇక్కడ షికారు కోసం. ఇక్కడ కూడా ఒకప్పుడు ఇవి సరుకులకీ, చేపల వేటకీ వాడిన పడవలే. కేంబ్రిడ్జ్‌లో షికారు పంట్లు కనిపించడం మొదలైంది 20వ శతాబ్దం మొదట్లోనే. గెడ అడుక్కి అందాలి కాబట్టి లోతు తక్కువ ఉన్న నదుల్లోనే ఇవి నడుస్తాయి.

ఇక అసలు ప్రశ్న. రెండూ పాత యూనివర్సిటీ ఊళ్ళే, రెండింట్లోనూ నది ఉంది, రెండూ లండన్ నుంచి రైల్లో గంట దూరమే. తేడా నది ఎక్కడ పారుతుందన్న దగ్గర వస్తుంది. కేంబ్రిడ్జ్‌లో కామ్ నది కాలేజీల పెరళ్ళలోంచి పోతుంది. ఆ పెరటి వైపు భాగాన్నే 'బ్యాక్స్' అంటారు. పడవలో కూర్చుంటే చాలు, ఒకదాని తర్వాత ఒకటి కాలేజీలు, వంతెనలు, చాపెల్ మన ముందుకే వస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో అలా కాదు. అక్కడ గొప్ప భవనాలన్నీ ఊరి మధ్య వీధుల్లో ఉన్నాయి, చెర్వెల్ నది పచ్చిక మైదానాల పక్కనుంచి, చెట్ల నీడలోంచి పోతుంది. పడవలోంచి ఒకటి రెండు కాలేజీల గోడలు తప్ప పెద్దగా కనిపించవు. అంటే ఆక్స్‌ఫర్డ్‌లో ఊరు చూడాలంటే నడవాల్సిందే, పడవ వేరే సరదా. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను మరో ఆలోచన లేకుండా కేంబ్రిడ్జ్ అని చెప్పేది ఇందుకే.

బ్యాక్స్: వంతెన తర్వాత వంతెన

పడవ ఎక్కడానికి ముఖ్యంగా రెండు చోట్లున్నాయి. ఒకటి దక్షిణాన మిల్ లేన్ దగ్గర, సిల్వర్ స్ట్రీట్ వంతెన పక్కన. రెండోది ఉత్తరాన మాడ్లిన్ వంతెన పక్కనున్న కీసైడ్. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి మాగ్డలీన్ అని అడిగితే దారి చెప్పేవాళ్ళు తికమక పడతారు, మాడ్లిన్ అనాలి. ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఇదే పేరుతో ఒక కాలేజీ, ఒక వంతెన ఉన్నాయి, అక్కడా ఇదే ఉచ్చారణ. ఫోన్లో మ్యాప్ పెట్టుకునేటప్పుడు ఏ ఊరి మాడ్లినో చూసుకోండి. ఎక్కడ ఎక్కినా అదే దారిలో వెళ్ళి వెనక్కి వస్తారు, మొత్తం ముప్పావుగంట నుంచి యాభై నిమిషాలు.

మిల్ లేన్ వైపు నుంచి బయలుదేరితే మొదట క్వీన్స్ కాలేజీ వాళ్ళ చెక్క వంతెన వస్తుంది. దాని పేరు మ్యాథమెటికల్ బ్రిడ్జ్. దూరం నుంచి వంపు తిరిగినట్టు కనిపిస్తుంది గాని అందులోవన్నీ తిన్నని దూలాలే. న్యూటన్ దీన్ని ఒక్క మేకు కూడా లేకుండా కట్టాడనీ, విద్యార్థులు విప్పి చూసి మళ్ళీ బిగించలేకపోయారనీ పడవవాళ్ళు కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది. కాని న్యూటన్ 1727లోనే పోయాడు, వంతెన కట్టింది 1749లో. ఇప్పుడు మనం చూసేది 1905లో టేకుతో తిరిగి కట్టింది. పిల్లలున్న పడవలో మాత్రం ఈ లెక్క విప్పి కథ పాడు చేయకండి, ఇంటికెళ్ళాక చెప్పుకోవచ్చు.

అది దాటగానే ఎడమవైపు మైదానం, కుడివైపు కింగ్స్ కాలేజీ చాపెల్. పడవలో అందరూ ఒక్కసారి మాటలు ఆపేది ఇక్కడే. ఆరో హెన్రీ రాజు 1446లో పునాది రాయి వేశాడు. రాజులు మారారు, యుద్ధాలు జరిగాయి, రాతి కట్టడం పూర్తయ్యేసరికి 1515 అయింది. లోపల పైకప్పు విసనకర్రలు విప్పినట్టు ఉంటుంది. ఆ రకం రాతి కప్పుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. నది నుంచి లోపల కనిపించదు కాబట్టి పడవ దిగాక టికెట్ కొని తప్పకుండా చూడండి. చాపెల్ ముందున్న పచ్చికలో కొంత భాగాన్ని ఈమధ్య గడ్డిపూల మైదానంగా మార్చారు. జూన్‌లో అయితే గసగసాల పూలు ఎర్రగా విచ్చుకుని ఉంటాయి.

కింగ్స్ దగ్గర మా పడవలో ఇంకో పేరు కూడా వస్తుంది. గణాంక శాస్త్రంలో ప్రపంచమంతా ఎరిగిన సి. ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1946లో ఇక్కడి ఆంత్రోపాలజీ మ్యూజియంలో ఎముకల కొలతలు విశ్లేషించే పనికి వచ్చారు. ఆ పని చేస్తూనే కింగ్స్ కాలేజీ నుంచి 1948లో పీహెచ్‌డీ పొందారు. ఆ మ్యూజియం డౌనింగ్ స్ట్రీట్‌లో ఇప్పటికీ ఉంది, లోపలికి టికెట్ లేదు. వాన పడితే తలదాచుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

తర్వాతది క్లేర్ కాలేజీ వంతెన. 1640 నాటిది, ఇప్పుడు నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది. పిట్టగోడ మీద పద్నాలుగు రాతి గుండ్లుంటాయి, అందులో ఒకదానికి వెనకవైపు ముక్క కోసినట్టు ఉంటుంది. ఎందుకన్నదానికి ఒక్కో పడవవాడు ఒక్కో కథ చెబుతాడు. కూలి డబ్బులు పూర్తిగా ఇవ్వనందుకు మేస్త్రి అలా వదిలేశాడన్నది మా పిల్లలకి నచ్చిన కథ. ఆ పైన ట్రినిటీ కాలేజీ, నదికి ముఖం పెట్టుకుని రెన్ లైబ్రరీ. క్రిస్టఫర్ రెన్ గీసిన ఈ భవనం 1695లో పూర్తయింది. రామానుజన్ 1914 నుంచి 1919 వరకు ఉన్నది ట్రినిటీలోనే. చివరి రోజుల్లో ఆయన రాసుకున్న కాగితాలు ఎవరికీ పట్టకుండా పడి ఉండి, 1976లో బయటపడింది ఈ లైబ్రరీలోనే. నెహ్రూ చదివిందీ ఇక్కడే.

చివర్లో సెయింట్ జాన్స్ కాలేజీ. నది మీద అటూ ఇటూ భవనాలు కలుపుతూ, కప్పు వేసి, కిటికీలు పెట్టిన రాతి వంతెన ఉంటుంది. 1831లో కట్టారు, పేరు బ్రిడ్జ్ ఆఫ్ సైస్, నిట్టూర్పుల వంతెన అన్నమాట. పరీక్షలకి వెళ్ళే పిల్లల నిట్టూర్పులు అని పడవవాడి జోక్. మన్మోహన్ సింగ్ చదివింది ఈ కాలేజీలోనే అని టూర్లో చెబుతారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు చదివిందీ ఇక్కడేనని ఏ టూర్లోనూ చెప్పరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు తొలి ఉపకులపతి ఆయనే. ఆయన చదివింది ఈ గోడల మధ్య, ఆయన నడిపిన విశ్వవిద్యాలయంలో చదివిన రావు గారు వచ్చి చేరింది నాలుగు వంతెనల అవతల. మామయ్య గారు విశాఖలోనే ఎమ్మెస్సీ చేశారు. ఈ మాట చెప్పినప్పుడు చాపెల్ దగ్గర కంటే ఎక్కువసేపు అటే చూస్తూ కూర్చున్నారు.

నడిపేవాడు కావాలా, వద్దా?

నడిపేవాడితో ఎక్కే పడవలో డజను మంది దాకా పడతారు. అందులో రెండు రకాలు. ఒకటి షేరింగ్, మనిషికి ఇంత అని టికెట్. రెండోది పడవ మొత్తం మనదే, ప్రైవేటు. సొంతంగా నడుపుకునే పడవకి గంటకి ఇంత అని పడవకి అద్దె, మామూలుగా ఆరుగురి వరకు. ఆరుగురు కుర్రాళ్ళు కలిసి తీసుకుంటే తలకి పడేది చాలా తక్కువ. ఇద్దరే అయితే షేరింగ్ లాభం. ఎనిమిది మంది పైన కుటుంబంతో వెళ్తే ప్రైవేటు పడవ ధర ఒకసారి కనుక్కోండి, షేరింగ్ టికెట్లన్నీ కలిపితే కొన్నిసార్లు దానికి దగ్గరగానే వస్తుంది. అప్పుడు మన మాటలు మనం మాట్లాడుకోవచ్చు, పాటలు పాడుకోవచ్చు, పులిహోర డబ్బా మూత మొహమాటం లేకుండా తీయొచ్చు.

డబ్బు సంగతి అలా ఉంచి, నా సలహా ఇది: మొదటిసారి వెళ్ళేవాళ్ళు బ్యాక్స్‌లో సొంతంగా నడపకండి. శనివారం మధ్యాహ్నం అక్కడ నది మన అమీర్‌పేట సిగ్నల్‌లా ఉంటుంది. కొత్తగా గెడ పట్టినవాళ్ళ పడవలు అడ్డం తిరిగిపోతాయి, వంతెన కింద మూడు పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, అందరూ సారీ సారీ అనుకుంటారు. నడిపేవాడు మన దృష్టిని చాపెల్ మీద పెడతాడు. మనమే నడిపితే మన దృష్టి ముందున్న పడవ మీదే ఉంటుంది. ముప్పావుగంట తర్వాత ఏం చూశావని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. నాకు జరిగిందదే.

సొంతంగా నడపాలని ఉంటే మాత్రం కిటుకు ఇది. గెడను పడవ పక్కన నిటారుగా పట్టుకుని చేతుల్లోంచి జారనివ్వాలి. అడుగు తగిలాక చేతులు మార్చుకుంటూ నెట్టాలి. పడవ ముందుకు కదిలాక గెడను వెంటనే పైకి లాగకుండా, నీళ్ళలో వెనక్కి ఈదనివ్వాలి. అదే చుక్కాని. ఎడమకి తిప్పాలన్నా, కుడికి తిప్పాలన్నా దాంతోనే. కొత్తవాళ్ళంతా గెడను గట్టిగా పట్టుకుని, ఏటవాలుగా పొడుస్తారు. పడవ తిరిగిపోయేది అందుకే. నేనూ అదే చేస్తుంటే మామయ్య గారు, "అల్లుడు గారూ, దాన్నట్టా పీక పట్టుకుంటే ఎట్టా? ఒదిలెయ్యండి, దాని బరువుకి అదే దిగుద్ది" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం వచ్చేసింది.

గెడ బురదలో దిగబడిపోతే? కొంచెం మెలితిప్పి లాగండి. రాకపోతే వదిలేయండి. పడవ ముందుకు పోతుంటే గెడను వదలక వేలాడటమే నీళ్ళలో పడటానికి రాచబాట. నేను పడ్డది అలాగే. పడవలో ఒక చిన్న తెడ్డు ఉంటుంది, దాంతో వెనక్కి వచ్చి గెడ తీసుకోవచ్చు. బ్యాక్స్‌లో ఈ బాధ తక్కువ, ఎందుకంటే అడుగు గట్టిది. దానికో కారణం ఉంది. పూర్వం సరుకు పడవల్ని గుర్రాలు తాళ్ళతో లాగేవి, మన గోదావరి కాలవల్లో మనుషులు గట్టు మీద నడుస్తూ లాగినట్టు. ఇక్కడ ఒడ్డు మీద గుర్రాలు నడవడానికి కాలేజీలు ఒప్పుకోలేదు. దాంతో నది అడుగునే గులకరాళ్ళతో బాట వేసి, గుర్రాల్ని నీళ్ళలో నడిపించారు. ఆ బాట మీదే ఇప్పుడు మన గెడలు టక్కున తగులుతాయి.

గ్రాంచెస్టర్ వైపు

సొంతంగా నడపాలన్న కోరిక గట్టిగా ఉంటే కామ్ నదిలోనే పైభాగానికి వెళ్ళండి. మిల్ పాండ్ దగ్గర చిన్న ఆనకట్ట ఉంది. దానికి కింద బ్యాక్స్, పైన గ్రాంచెస్టర్ వైపు పోయే నది. ఒకవైపు అద్దెకి తీసుకున్న పడవతో రెండోవైపుకి తేలిగ్గా వెళ్ళలేరు. రెండింటి మధ్యా పడవను రోలర్ల మీదుగా ఈడ్చాలి. అందుకని బుక్ చేసేటప్పుడే పైనదికి కావాలని చెప్పాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. కాలేజీలు చూద్దామని ఎక్కి ఆవుల్ని చూసి వస్తారు, లేకపోతే దానికి రివర్స్.

ఆవులు చూడటం తక్కువేమీ కాదు. ఊరు వెనకబడిపోయాక అటూ ఇటూ పచ్చిక బయళ్ళు, నీళ్ళ మీదకి వంగిన చెట్లు, బాతులు, అక్కడక్కడ ఈత కొట్టేవాళ్ళు. కొత్తవాళ్ళకి గ్రాంచెస్టర్ చేరడానికి గంటన్నర పైనే పడుతుంది. వచ్చేటప్పుడు వాలు కాబట్టి కొంచెం తొందరగా వస్తారు. అంటే పడవ సగం రోజుకి తీసుకోవాలి. అక్కడ ఆర్చర్డ్ అనే టీ తోట ఉంది. 1868లో వేసిన పళ్ళ తోట. 1897లో కొందరు విద్యార్థులు, ఇంటి ముందు గడ్డి మీద కాకుండా చెట్ల కింద టీ ఇవ్వమని ఇంటావిడని అడిగారట. అప్పటి నుంచి అదే ఆనవాయితీ. చెట్ల కింద గుడ్డ కుర్చీలు వేసి ఉంటాయి. తెరిచి ఉందో లేదో వెళ్ళే ముందు చూసుకోండి.

గుంపులో సగం మందికి పడవంటే భయమైతే గొడవ లేదు. ఊరి నుంచి గ్రాంచెస్టర్ దాకా మైదానాల్లోంచి కాలిబాట ఉంది, ముప్పావుగంట నడక. వాళ్ళు నడిచి వచ్చి, మనకంటే ముందే టీ తాగుతూ కూర్చుంటారు. మా వాళ్ళు ఒడ్డు మీద నుంచి మా పడవతో పాటే నడుస్తూ, మా మీద కామెంటరీ చెప్పారు. అదో అవమానం.

ఆక్స్‌ఫర్డ్ ఎప్పుడు మంచిది?

నా స్నేహితుడొకడు ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. కేంబ్రిడ్జ్ పేరెత్తితే మొహం చిట్లిస్తాడు. పడవలో ఎటు నిలబడాలన్నదాని మీద కూడా ఈ రెండు ఊళ్ళకీ పడదు. కేంబ్రిడ్జ్‌లో వెనక చివరున్న చెక్క అరుగు మీదికెక్కి నిలబడతారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ అరుగును ముందుకి తిప్పి, రెండో చివర పడవ లోపలే నిలబడి నెడతారు. కొత్తవాళ్ళకి ఆక్స్‌ఫర్డ్ పద్ధతే క్షేమం, కాళ్ళు పడవ లోపల ఉంటాయి కదా. అరుగు తడిస్తే జారుతుంది. ఈ మాట కేంబ్రిడ్జ్‌లో గట్టిగా అనకండి.

అక్కడ పంట్లు దొరికే చోట్లు ముఖ్యంగా రెండు. మాడ్లిన్ వంతెన కింద ఒకటి. పొడుగాటి మాడ్లిన్ గోపురం నీడలోంచి బయలుదేరి, 1621 నాటి బొటానిక్ గార్డెన్ పక్కనుంచి క్రైస్ట్ చర్చ్ మైదానం వైపు వెళ్ళొచ్చు. ఊరి మధ్యే కాబట్టి దిగగానే వీధుల్లోకి వెళ్ళిపోవచ్చు. రెండోది ఊరికి ఉత్తరాన చెర్వెల్ బోట్‌హౌస్, 1904 నుంచి ఉంది. ఇక్కడి నుంచి పైకి వెళ్తే జనం పలచబడతారు. ఓల్డ్ మార్స్టన్‌లో నది పక్కనే విక్టోరియా ఆర్మ్స్ అనే పబ్ వస్తుంది, పడవ కట్టేసి భోంచేసి రావచ్చు. జంటగా వెళ్ళేవాళ్ళకి, నలుగురు స్నేహితులకి, పుస్తకం పట్టుకుని నీడలో పడుకోవాలనుకునేవాళ్ళకి నేను దీన్నే చెబుతాను. బ్యాక్స్‌లో ఉన్న తోపులాట ఇక్కడ లేదు. చూడాల్సినవేమీ లేకపోవడమే ఇక్కడి సుఖం. అడుగు మాత్రం బురద, గెడ జాగ్రత్త.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకో దారి ఉంది, బ్యాక్స్‌లో దొరకనిది. ఫాలీ బ్రిడ్జ్ దగ్గర థేమ్స్ మీద మామూలు మోటారు లాంచీలు నడుస్తాయి. సాల్టర్స్ వాళ్ళు 1858 నుంచి అక్కడ పడవల వ్యాపారంలోనే ఉన్నారు. వీటిలో బెంచీల మీద మామూలుగా కూర్చోవచ్చు, పైన కప్పు ఉంటుంది. పంట్‌లో అయితే దాదాపు నేల మీద కూర్చున్నట్టే, కాళ్ళు చాపుకోవాలి, లేవడానికి ఇద్దరు చేయి అందించాలి. మా అత్తయ్య గారు కేంబ్రిడ్జ్‌లో పడవ ఎక్కడం బాగానే ఎక్కారు. దిగేటప్పుడు పడ్డ తంటా చూసి మరుసటి ఏడు లాంచీ ఎక్కించాం. "ఇది బాగుంది గాని, అది అందంగా ఉంది" అన్నారు. ఇంతకంటే చక్కగా ఈ రెండింటినీ నేను పోల్చలేను.

ఆక్స్‌ఫర్డ్ వెళ్తే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి కోసం హై స్ట్రీట్‌లో ఆల్ సోల్స్ కాలేజీ ముందు ఒక్క నిమిషం ఆగండి. 1936లో ఆయన ఇక్కడ తూర్పు దేశాల మతాలు, నీతిశాస్త్రాల ప్రొఫెసర్‌గా చేరారు. 1952 దాకా ఆ పదవి ఆయనదే. అంతకు ముందు ఐదేళ్ళు ఆయన చేసింది ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి పని, అదీ కట్టమంచి వారి తర్వాత.

ఉత్తరాదిన ఉన్నవాళ్ళకి

న్యూకాజిల్, సండర్‌ల్యాండ్, మిడిల్స్‌బరో వైపు మన విద్యార్థులు చాలామంది ఉన్నారు. పడవ షికారు కోసం వాళ్ళు ఇంత దూరం రానక్కర్లేదు. న్యూకాజిల్ నుంచి రైల్లో పావుగంటలో డరమ్ ఉంది. వియర్ నది కొండను చుట్టి వచ్చే మెలికలో, పైన 1093లో మొదలుపెట్టిన కెథడ్రల్, పక్కనే కోట. యూనివర్సిటీ 1832 నాటిది. ఎల్వెట్ వంతెన దగ్గర తెడ్ల పడవలు గంటకి అద్దెకిస్తారు, పెద్దవాళ్ళకి లాంచీ కూడా ఉంది. తెడ్ల పడవ నేర్చుకోవడం పంట్ కంటే సులువు, ఎందుకంటే కూర్చునే నడపొచ్చు. లండన్ నుంచి అయితే రానూపోనూ ఆరు గంటలు రైల్లోనే పోతాయి, ఒక్క రోజుకి వద్దు.

ఏ రోజు, ఏ వేళ, ఎలా?

వేళ విషయంలో నేను కొంచెం మొండి. పొద్దున పదింటి పడవ, లేకపోతే సాయంత్రం ఐదున్నర తర్వాత పడవ. మధ్యలోది వద్దు. జూన్‌లో తొమ్మిది దాటాక గాని సూర్యుడు దిగడు, సాయంత్రపు వెలుగులో ఆ రాళ్ళు తేనె రంగులోకి వస్తాయి, జనం కూడా పలచబడతారు. శని, ఆదివారాలు తప్పించగలిగితే ఇంకా మంచిది. జులై, ఆగస్టుల్లో సమ్మర్ స్కూల్ పిల్లల గుంపులు ఎక్కువ. నాకైతే సెప్టెంబర్ రెండో సగం ఇష్టం.

ఒక చిక్కు ఉంది. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య దాకా పరీక్షల కాలం, చాలా కాలేజీలు సందర్శకుల్ని లోపలికి రానివ్వవు. నదికి ఆ అడ్డు లేదు. కాలేజీ గేట్లు మూసి ఉన్న రోజుల్లో వాటిని చూడటానికి మిగిలిన దారి పడవే. కేంబ్రిడ్జ్‌లో మే వీక్ అని పరీక్షల తర్వాత సంబరాలు చేస్తారు. పేరు మే గాని జరిగేది జూన్‌లో. ఆ వారం పడవలు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోండి.

బుకింగ్ ఆన్‌లైన్లో చేసుకుంటే చాలాసార్లు కౌంటర్ కంటే తక్కువకే వస్తుంది. స్టేషన్ నుంచి నడిచి వస్తుంటే రోడ్డు మీద ఎవరైనా "పంటింగ్, పంటింగ్" అంటూ వెంటపడితే డబ్బులు చేతికివ్వకండి. నది ఒడ్డునున్న కౌంటర్ దాకా వెళ్ళి, పడవ కళ్ళతో చూసి అప్పుడివ్వండి. ఒకసారి మేము అలా డబ్బులిచ్చి గంటసేపు ఎండలో నిలబడ్డాం.

రైలుకి ముగ్గురు నుంచి తొమ్మిది మంది పెద్దవాళ్ళు కలిసి వెళ్తుంటే గ్రూప్‌సేవ్ టికెట్ అడగండి, రద్దీ లేని వేళల్లో మూడో వంతు తగ్గుతుంది. కింగ్స్ క్రాస్ నుంచి కేంబ్రిడ్జ్‌కి ఫాస్ట్ రైలు యాభై నిమిషాలు, ప్యాడింగ్టన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కి సుమారు గంట. కేంబ్రిడ్జ్ నార్త్ అని వేరే స్టేషన్ ఉంది, పొరపాటున అక్కడ దిగకండి. కేంబ్రిడ్జ్ స్టేషన్ నుంచి నది దాకా పాతిక నిమిషాల నడక, పెద్దవాళ్ళుంటే బస్సో ట్యాక్సీయో ఎక్కండి. ఆక్స్‌ఫర్డ్ స్టేషన్ ఊరికి దగ్గరే గాని, మాడ్లిన్ వంతెన ఊరికి రెండో చివర. కారులో వెళ్తే రెండు ఊళ్ళలోనూ ఊరి బయట పార్క్ అండ్ రైడ్‌లో పెట్టి బస్సెక్కండి. ఆక్స్‌ఫర్డ్‌లో కొన్ని వీధుల్లో పెట్రోల్, డీజిల్ కార్లకి ఫీజు కూడా ఉంది.

తిండి పట్టుకెళ్ళండి. పడవలో పులిహోర, దద్దోజనం, చెగోడీలు హాయిగా తినొచ్చు. సాంబారు లాంటి ఒలికేవి మాత్రం వద్దు, పక్క పడవ తగిలినప్పుడల్లా ఊగుతుంది. చీర కట్టుకునే ఎక్కొచ్చు, కాకపోతే కొంగు బొడ్లో దోపుకోండి, హీల్స్ వేసుకోవద్దు. ఎండ ఉన్నా ఒక శాలువా ఉంచుకోండి, వంతెనల నీడలో చలేస్తుంది. చిన్నపిల్లలుంటే లైఫ్ జాకెట్ అడగండి, అడిగితేనే ఇస్తారు. ఫోన్ చెయ్యి చాపి పట్టుకోకండి, వంతెన కిందకి వెళ్ళేటప్పుడు చేతులు పడవ లోపలే ఉండాలి.

నడిపేవాడితో ప్రైవేటు పడవ తీసుకుంటే, వెనక్కి వచ్చేటప్పుడు జనం లేని చోట ఒక్క ఐదు నిమిషాలు గెడ ఇస్తావా అని మర్యాదగా అడిగి చూడండి. అందరూ ఒప్పుకోరు. మాకు దొరికిన కుర్రాడు ఒప్పుకున్నాడు. మామయ్య గారు చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి ఎక్కి, రెండు నెట్లలో పడవను తిన్నగా నడిపించారు. ఆ కుర్రాడు ఇంతకు ముందు ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "కొల్లేరు" అన్నారు. అది ఏ కాలేజీ అని వాడు నన్ను అడిగాడు.